ఇల్లూ – వాకిలీ: సర్కారు పూచీ ఎవరికి?

పోయిన సంచికలో క్రెడిట్ స్కోరు గురించి రాశాక అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. "మూడున్నర శాతం కడితే చాలు, గవర్నమెంటు లోను ఇస్తుందట కదా, అది మాకు వస్తుందా?" అని. కొందరు ఎఫ్.హెచ్.ఏ. అని పేరుపెట్టి అడిగారు. కొందరు "ఆ గవర్నమెంటు స్కీము" అన్నారు. ఇండియాలో గవర్నమెంటు స్కీము అంటే దరఖాస్తు, లిస్టు, పట్టా అన్న అలవాటు మనకి ఇక్కడికి వచ్చాక కూడా పోదు. ఇది అలాంటిది కాదు. ఎఫ్.హెచ్.ఏ., అంటే ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, ఎవరికీ ఒక్క డాలరు కూడా అప్పివ్వదు. అప్పిచ్చేది మామూలు బ్యాంకో, క్రెడిట్ యూనియనో, మార్ట్‌గేజ్ కంపెనీయో. ఆ అప్పుకు ఎఫ్.హెచ్.ఏ. పూచీ ఉంటుంది, అంతే.

ఈ పూచీ ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. 1930ల ముందు ఈ దేశంలో ఇల్లు కొనాలంటే సగం ధర చేతిలో ఉండాలి. మిగతా సగానికి మూడేళ్ళకో అయిదేళ్ళకో అప్పిచ్చేవారు. గడువు తీరగానే అసలంతా ఒక్కసారి కట్టాలి, లేదా మళ్ళీ కొత్త అప్పు రాయించుకోవాలి. మహామాంద్యం వచ్చి బ్యాంకులు కొత్త అప్పు రాయడం మానేసేసరికి ఇళ్ళు వరసగా వేలానికి పోయాయి. 1934 జూన్ 27న రూజ్వెల్ట్ సంతకం చేసిన నేషనల్ హౌసింగ్ యాక్టుతో ఎఫ్.హెచ్.ఏ. వచ్చింది. "ఎక్కువ ఏళ్ళకి, తక్కువ డౌన్ పేమెంటుకి అప్పివ్వండి, అతను కట్టకపోతే నష్టం మేం భరిస్తాం" అని బ్యాంకులకు భరోసా ఇచ్చింది. నెలనెలా అసలూ వడ్డీ కలిపి కట్టుకుంటూ పోయే అప్పు, ఈ రోజు మనకి సహజంగా కనిపించేది, ఈ దేశమంతా వ్యాపించింది అలాగే.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. తొలి మూడు దశాబ్దాలు ఈ పూచీ తెల్లవాళ్ళ పేటలకే దక్కింది. నల్లజాతి కుటుంబాలు ఉన్న వీధులకు ఇవ్వకూడదని ఎఫ్.హెచ్.ఏ. సొంత నిబంధనల్లోనే ఉండేది. 1968లో ఫెయిర్ హౌసింగ్ యాక్టు వచ్చాకే చట్టం దృష్టిలో ఆ వివక్ష నేరమయింది. 1965 వలస చట్టం తర్వాత మనవాళ్ళు పెద్ద సంఖ్యలో వచ్చేనాటికి ఆ తలుపు తెరుచుకుంటూ ఉంది. దాన్ని తెరిపించడానికి దెబ్బలు తిన్నది మనం కాదు. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పండి.

ఇక అసలు విషయం. పూచీ ఎవరికి?

మన ఊళ్ళ లెక్కలో చెప్తాను. రైతుకి షావుకారు అప్పివ్వడానికి వెనకాడుతుంటే ఊరి మోతుబరి "నేను పూచీ" అంటాడు. రైతు కట్టలేకపోతే మోతుబరి షావుకారుకి కడతాడు. రైతు అప్పు మాఫీ అయిందా? లేదు. రైతు పొలం పోకుండా ఆగిందా? అదీ లేదు. కాపాడబడింది షావుకారు. ఎఫ్.హెచ్.ఏ. ఇన్సూరెన్సు సరిగ్గా ఇదే. ఒక్క తేడా ఏమిటంటే ఇక్కడ మోతుబరికి రుసుము చెల్లించేది రైతే. ప్రీమియం మనది, రక్షణ లెండరుది.

ఇంత విడమర్చి రాయడానికి కారణం ఒక సోదరి రాసిన ఉత్తరం. "నెలనెలా ఇన్సూరెన్సు కడుతూనే ఉన్నాం కాబట్టి మావారికి ఏమైనా అయితే ఇల్లు మాకు మిగులుతుంది కదా, అందుకే వేరే టర్మ్ పాలసీ తీసుకోలేదు" అని రాశారావిడ. అమ్మా, మిగలదు. ఇండియాలో బ్యాంకులు ఇంటి అప్పుతోపాటు అంటగట్టే జీవిత బీమా లాంటిది కాదిది. కట్టే మనిషి పోయినా అప్పు పోదు, నెలసరి వాయిదా మర్నాటి నుంచీ అలాగే వస్తుంది. కాకపోతే ఒక ఊరట ఉంది. 1982లో చేసిన ఒక ఫెడరల్ చట్టం ప్రకారం, ఇల్లు చనిపోయినవారి నుంచి భార్యకో బిడ్డలకో సంక్రమిస్తే "అప్పంతా ఇప్పుడే తీర్చు" అని లెండరు అడగకూడదు. పాత వడ్డీకే కట్టుకుంటూ పోవచ్చు. కానీ కట్టడానికి డబ్బుండాలి కదా! ఇల్లు కొన్నవాళ్ళు ఆ నెలలోనే అప్పుకు సరిపడా టర్మ్ ఇన్సూరెన్సు తీసుకోవాలి. ఈ పేజీలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి.

రెండో సంగతి వీసా. ఇది కొత్తది, చాలామందికి ఇంకా చేరలేదు. ఒకప్పుడు హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు కూడా సోషల్ సెక్యూరిటీ నంబరు, పని చేసే అనుమతి చూపించి ఎఫ్.హెచ్.ఏ. పూచీ పొందేవారు. మన అపార్టుమెంట్లలో, మన వాట్సప్ గుంపుల్లో తిరిగే సలహాలన్నీ ఆ రోజులవే. 2025 మార్చిలో హౌసింగ్ శాఖ ఆ దారి మూసింది. 2025 మే 25 నుంచి కేసు నంబరు పడే అప్పులకు నాన్-పర్మనెంట్ రెసిడెంట్లు అర్హులు కారు. పౌరులకీ, గ్రీన్ కార్డు ఉన్నవారికీ, పసిఫిక్‌లోని మూడు చిన్న దేశాల పౌరులకీ తప్ప మిగతావారికి ఎఫ్.హెచ్.ఏ. లేదు. ఐ-140 ఆమోదం పొంది ఏళ్ళ తరబడి క్యూలో నిలబడి ఉన్నా సరే, చేతికి కార్డు రాకపోతే లెక్కలోకి రారు. అంతకు ముందు తీసుకున్న అప్పులకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

హెచ్-1బి వాళ్ళు నిరాశపడక్కర్లేదు. ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ కొనే మామూలు అప్పులు, అంటే కన్వెన్షనల్ లోన్లు, చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్నవారికి దొరుకుతాయి. నిజానికి మనవాళ్ళలో చాలామందికి లాభం కూడా అందులోనే ఉంది. ఎందుకో లెక్కల దగ్గర చెప్తాను.

భార్యాభర్తల్లో ఒకరికే గ్రీన్ కార్డు ఉంటే? కార్డు ఉన్నవారి ఒక్కరి పేరు మీదే అప్పు తీసుకోవాలి, రెండోవారి జీతం లెక్కలోకి రాదు. ఇక్కడొక మెలిక ఉంది. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో అప్పులో పేరు లేని జీవితభాగస్వామి బాకీలు కూడా ఎఫ్.హెచ్.ఏ. లెక్కలో కలుపుతారు. ఆయన జీతం లెక్కించరు గానీ ఆయన కారు లోను లెక్కిస్తారు. మన కుటుంబాలు ఎక్కువగా ఉండేది ఈ రాష్ట్రాల్లోనే కాబట్టి ముందే చూసుకోండి.

సరే, లెక్కలు. 4 లక్షల డాలర్ల ఇల్లు అనుకుందాం. క్రెడిట్ స్కోరు 580 లేదా ఆపైన ఉంటే ఎఫ్.హెచ్.ఏ. అడిగే కనీస డౌన్ పేమెంటు 3.5 శాతం, అంటే 14,000 డాలర్లు. స్కోరు 500కీ 579కీ మధ్య ఉంటే 10 శాతం. (ఇది ఎఫ్.హెచ్.ఏ. మాట. లెండరు తన జాగ్రత్త కోసం 620 ఉండాలనో 640 ఉండాలనో అనవచ్చు. ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.) మిగిలిన 386,000 అప్పు. దీని మీద మొదటి రోజే 1.75 శాతం ప్రీమియం, 6,755 డాలర్లు. చేతినుంచి కట్టక్కర్లేదు, అప్పులో కలిపేస్తారు. కాబట్టి సంతకం పెట్టిన క్షణానికి మీ అప్పు 392,755. అంటే మీరు కట్టిన 14,000లో దాదాపు సగం అక్కడే ఆవిరి.

దీనికి తోడు ఏటా ఇంకో ప్రీమియం. 2023 మార్చిలో దీన్ని 0.85 నుంచి 0.55 శాతానికి తగ్గించారు. 30 ఏళ్ళకి, కనీస డౌన్ పేమెంటుతో తీసుకునే మామూలు అప్పుకి ఈ 0.55 వర్తిస్తుంది. మన ఉదాహరణలో నెలకి సుమారు 177 డాలర్లు. వడ్డీ 6.5 శాతం అనుకుంటే అసలూ వడ్డీ కలిపి నెలకి 2,482, దాని మీద ఈ 177. ఇంటి పన్ను, ఇంటి ఇన్సూరెన్సు, హెచ్.ఓ.ఏ. రుసుము వేరే. అయిదేళ్ళు గడిచేసరికి రెండు ప్రీమియంలూ కలిపి దాదాపు 17,000 డాలర్లు. అప్పటికీ మీ అప్పు ఇంకా 3,67,000 దాటే ఉంటుంది.

ఈ నెలవారీ ప్రీమియం ఎప్పుడు ఆగుతుంది? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 2005లోనో 2010లోనో కొన్న అన్నయ్యని అడిగితే "అప్పు 78 శాతానికి దిగాక దానంతట అదే పోయింది" అంటాడు. ఆయన చెప్పింది నిజమే, ఆయన అప్పుకి. 2013 జూన్ నుంచి నిబంధన మారింది. 10 శాతం కంటే తక్కువ కట్టి తీసుకున్న అప్పుకి ఈ ప్రీమియం అప్పు ఉన్నంత కాలమూ ఉంటుంది. 10 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ కడితే 11 ఏళ్ళకి ఆగుతుంది. ఇంటి ధర రెట్టింపయినా, అప్పు సగానికి వచ్చినా ప్రీమియం దారి ప్రీమియందే. దాన్నుంచి బయటపడాలంటే ఇల్లు అమ్మాలి, లేదా కన్వెన్షనల్ అప్పుకి మారాలి. మారడానికి అప్పటి వడ్డీలు అనుకూలించాలి, క్లోజింగు ఖర్చులు మళ్ళీ పెట్టుకోవాలి.

కన్వెన్షనల్ అప్పులో కూడా 20 శాతం కంటే తక్కువ కడితే ఇన్సూరెన్సు ఉంటుంది, దాన్ని పి.ఎం.ఐ. అంటారు. కానీ 1998లో చేసిన చట్టం వల్ల, ఇంటి మొదటి విలువలో అప్పు 80 శాతానికి దిగాక మీరు అడిగి తీయించుకోవచ్చు. 78 శాతానికి దిగే తేదీ రాగానే, వాయిదాలు సక్రమంగా కడుతున్నవారికి లెండరే తీసెయ్యాలి. పైగా పి.ఎం.ఐ. రేటు మీ స్కోరుని బట్టి మారుతుంది. 760 ఉన్నవారికి చవక, 640 ఉన్నవారికి బరువు. ఎఫ్.హెచ్.ఏ. ప్రీమియం అందరికీ ఒకటే. అందుకే నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తాను. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, స్కోరు 740 దాటి, చేతిలో 5 శాతం డౌన్ పేమెంటు ఉన్న కుటుంబానికి ఎఫ్.హెచ్.ఏ. అక్కర్లేదు. "ఫస్ట్ టైమ్ బయ్యరు కదండీ, ఎఫ్.హెచ్.ఏ. చేసేద్దాం" అని ఎవరైనా తొందరపెడితే రెండు అప్పులకూ అంచనా కాగితం అడగండి. మీ దరఖాస్తు అందిన మూడు పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్ అనే మూడు పేజీల కాగితం ఇవ్వడం వాళ్ళ బాధ్యత. అందులో మూడో పేజీలో అయిదేళ్ళకి మీరు మొత్తం ఎంత కడతారో, అందులో అసలు ఎంత తీరుతుందో ఉంటుంది. మొదటి పేజీలో కనిపించే వడ్డీ రేటు చూసి మురిసిపోకుండా ఆ మూడో పేజీ పోల్చి చూసుకోండి. కనీసం ముగ్గురు లెండర్ల దగ్గర తీసుకోండి. రెండు వారాల లోపల అందరి దగ్గరా దరఖాస్తు చేస్తే స్కోరు మీద ఒక్కసారి అడిగినట్టే లెక్క.

మరి ఎఫ్.హెచ్.ఏ. ఎవరికి పనికొస్తుంది? మనలో అలాంటివారు చాలామందే ఉన్నారు, కాకపోతే మన పత్రికల్లో ఎక్కువగా కనబడరు. గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టు చేస్తూ గ్రీన్ కార్డు సంపాదించినవారు. అన్నయ్యో అక్కయ్యో స్పాన్సర్ చేస్తే యాభయ్యో ఏట వచ్చి, క్రెడిట్ చరిత్ర అంటే ఏమిటో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారు. జబ్బు బిల్లులతోనో విడాకులతోనో స్కోరు 640కి పడిపోయినవారు. జీతంలో పెద్ద భాగం స్టూడెంట్ లోన్లకు పోయేవారు. వీళ్ళకి కన్వెన్షనల్ తలుపు మూసి ఉన్నప్పుడు ఈ తలుపు తెరిచి ఉంటుంది. క్రెడిట్ కార్డు చరిత్రే లేకపోతే పన్నెండు నెలల అద్దె, కరెంటు బిల్లు సక్రమంగా కట్టిన రుజువులు చూపించి అప్పు తీసుకునే వీలు కూడా ఎఫ్.హెచ్.ఏ. నిబంధనల్లో ఉంది. క్లోజింగు ఖర్చుల్లో ఇంటి ధర మీద 6 శాతం దాకా అమ్మేవారు భరించడానికి ఒప్పుకుంటుంది. అప్పుకి గరిష్ఠ పరిమితి మాత్రం కౌంటీని బట్టి మారుతుంది. 2025లో చవక కౌంటీల్లో 524,225 డాలర్లు, బే ఏరియా లాంటి ఖరీదైన చోట్ల 1,209,750. ఏటా జనవరిలో కొత్త అంకెలు వస్తాయి కాబట్టి మీ కౌంటీది చూసుకోండి.

డౌన్ పేమెంటు డబ్బు ఎక్కడిదన్నది ఇంకో పెద్ద అధ్యాయం. మనవాళ్ళ చిక్కులన్నీ ఇక్కడే.

అమ్మానాన్నలు ఇండియా నుంచి పంపితే నిక్షేపంలా తీసుకోవచ్చు. ఎఫ్.హెచ్.ఏ. మొత్తం 3.5 శాతమూ బహుమతి అయినా ఒప్పుకుంటుంది. "ఇది తిరిగి ఇవ్వనక్కర్లేని బహుమతి" అని వారి సంతకంతో ఉత్తరం, వారి ఖాతానుంచి డబ్బు వెళ్ళినట్టూ మీ ఖాతాకి చేరినట్టూ రుజువులు కావాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి బహుమతుల్లో పది లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా పట్టుకుంటుంది. నాన్నగారు రిటర్ను వేసి దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, ఆ 20 శాతం కూడా చేతిలో ఉంటేనే అనుకున్న మొత్తం ఇక్కడికి చేరుతుంది. ఇక్కడ ఏడాదిలో లక్ష డాలర్లు దాటిన విదేశీ బహుమతి అందుకుంటే ఐ.ఆర్.ఎస్.కి 3520 ఫారం పంపాలి. పన్నేమీ లేదు, కానీ పంపకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది. ఊళ్ళో స్థలం అమ్మిన డబ్బయితే ఎన్.ఆర్.ఓ. ఖాతానుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు. దస్తావేజు తెలుగులో ఉంటుంది కదా, దానికి ఇంగ్లీషు అనువాదం ముందే చేయించి పెట్టుకోండి. ఇవన్నీ రెండు మూడు వారాల పని, క్లోజింగు ముందు శుక్రవారం మొదలుపెట్టే పని కాదు.

చిట్టీ డబ్బు? ఆశ్చర్యపోతారు, ఎఫ్.హెచ్.ఏ. నిబంధనల పుస్తకంలో చిట్టీకి కూడా చోటుంది! "ప్రైవేట్ సేవింగ్స్ క్లబ్" అని పేరు. సభ్యులు వంతులవారీగా జమచేసుకునే సొమ్ముని డౌన్ పేమెంటుగా ఒప్పుకుంటారు. కానీ చిట్టీ పద్దుల పుస్తకం, మీరు కట్టిన రశీదులు, కోశాధికారి ధ్రువీకరణ కావాలి. చిట్టీ పాడుకున్నాక ఇంకా కట్టాల్సిన వాయిదాలు ఉంటే వాటిని మీ అప్పుల్లో కలుపుతారు. మన చిట్టీలు చాలావాటికి పుస్తకమే ఉండదు, ఉన్నదంతా అక్కయ్య నోటిలెక్క. ఆ లెక్క ఎంత ఖచ్చితమైనదైనా లెండరు ఫైల్లో పెట్టడానికి పనికిరాదు.

చేబదుళ్ళ సంగతి మాత్రం గట్టిగానే చెప్పాలి. నలుగురు స్నేహితులు తలా పదివేలు సర్దడం, లెండరు అడిగితే "గిఫ్టు" అని ఉత్తరం రాసివ్వడం మనలో మామూలైపోయింది. అందులో చెడుద్దేశం లేదు, స్నేహమే ఉంది. కానీ తిరిగి ఇచ్చే డబ్బుని బహుమతి అని సంతకం పెడితే అది ఫెడరల్ నేరం. చట్టంలో రాసిన గరిష్ఠ శిక్ష 30 ఏళ్ళ జైలు, పది లక్షల డాలర్ల జరిమానా. రాసిచ్చిన స్నేహితుడికీ ఇదే వర్తిస్తుంది, అతను హెచ్-1బి మీదో గ్రీన్ కార్డు మీదో ఉంటే ఇమ్మిగ్రేషన్ గొడవ అదనం. ఇంకో ఆర్నెల్లు ఆగి సొంతంగా దాచుకుని కొనుక్కోండి. ఇళ్ళు ఎక్కడికీ పోవు.

ఇంటి విలువ కట్టడం గురించి ఒక మాట. ఎఫ్.హెచ్.ఏ. అప్పుకి వచ్చే అప్రైజరు ధర ఒక్కటే కాదు, ఇల్లు ఉండడానికి భద్రంగా ఉందా లేదా కూడా చూస్తాడు. 1978కి ముందు కట్టిన ఇంట్లో రంగు పెచ్చులూడుతుంటే సీసం భయంతో బాగుచేయించమంటాడు. మెట్లకి పట్టుకునే కమ్మీ లేకపోవడం, కప్పు కారడం లాంటివీ రాస్తాడు. అమ్మేవారు కొందరు ఎఫ్.హెచ్.ఏ. ఆఫరు అంటే మొహం చిట్లించేది ఇందుకే. అయితే ఆ పరీక్ష హోమ్ ఇన్‌స్పెక్షనుకు బదులు కాదు, అది మీ ఖర్చుతో మీరు విడిగా చేయించుకోవాల్సిందే. ఎ.సి. ఇంకో ఎండాకాలం ఆగుతుందో లేదో అప్రైజరు చెప్పడు.

ఇక తూర్పు ముఖం ఇళ్ళ విషయం. మనవాళ్ళు ఎక్కువగా ఉండే కాలనీల్లో తూర్పు ముఖం ఇంటికి నలుగురం పోటీపడి ఇరవై వేలు ఎక్కువ పెడతాం. వాస్తు మీద నమ్మకం ఎవరిది వారిదే, నేను మధ్యలో రాను. కానీ అప్రైజరు ఆ పేటలో అమ్ముడుపోయిన ఇళ్ళని పక్కన పెట్టుకుని లెక్కవేస్తాడు, ఈశాన్యం అతనికి పట్టదు. ధర 4 లక్షల 20 వేలకి ఒప్పుకుని విలువ 4 లక్షలే వస్తే ఆ 20 వేలు మీ జేబునుంచి రావాలి. ఎఫ్.హెచ్.ఏ. కొనుగోళ్ళలో ఇక్కడ కొనేవారికి ఒక మంచి రక్షణ ఉంది. అమెండటరీ క్లాజు అనే కాగితం మీద ఇద్దరూ సంతకం చేయాలి. విలువ ఒప్పుకున్న ధరకంటే తక్కువ వస్తే మీరు వెనక్కి తగ్గవచ్చు, ఇచ్చిన బయానా తిరిగి వస్తుంది. అన్నట్టు, గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించి వంటవాళ్ళకి అడ్వాన్సు ఇచ్చాక విలువ తక్కువ వస్తే వెనక్కి తగ్గడం ఎవరి తరమూ కాదు. అప్రైజల్ వచ్చాకే పంతులుగారికి ఫోను చేయండి.

ఎఫ్.హెచ్.ఏ. ఇల్లు ఉండడానికే, అద్దెకివ్వడానికి కాదు. క్లోజింగయిన 60 రోజుల్లో చేరాలి, కనీసం ఏడాది ఉండే ఉద్దేశంతోనే కొనాలి. రెండు నుంచి నాలుగు వాటాల ఇల్లు కొని ఒక వాటాలో మీరుంటూ మిగతావి అద్దెకివ్వడం మాత్రం చక్కగా కుదురుతుంది. మన ఊళ్ళో పైవాటా అద్దెకిచ్చి కిందవాటాలో ఉన్నట్టే. ఈ దారిని మనవాళ్ళు ఎందుకో పెద్దగా పట్టించుకోలేదు.

ఉద్యోగం పోతే? ఇది రాయకుండా దాటవేసే విషయం కాదు. మొదటి వాయిదా తప్పకముందే లెండరుకి ఫోను చేయండి. సిగ్గుపడి ఫోను ఎత్తకపోవడం మనవాళ్ళ పాత జబ్బు. ఎఫ్.హెచ్.ఏ. అప్పులకి వేలంకంటే ముందు ప్రయత్నించాల్సిన మార్గాలు రాసి ఉన్నాయి. కొన్నాళ్ళు వాయిదాలు ఆపడం ఒకటి. తప్పిన వాయిదాల సొమ్ముని వడ్డీ లేని రెండో అప్పుగా పక్కన పెట్టి, ఇల్లు అమ్మినప్పుడో అసలప్పు తీరినప్పుడో కట్టించుకోవడం ఇంకొకటి, దీన్ని పార్షల్ క్లెయిమ్ అంటారు. హౌసింగ్ శాఖ ఆమోదించిన సలహా సంస్థలు వేలం తప్పించడానికి ఉచితంగా సాయపడతాయి. "మీ లోను మేం సెటిల్ చేస్తాం, ముందు మూడువేలు పంపండి" అని ఫోనుచేసేవాడు దొంగ.

ఎఫ్.హెచ్.ఏ.లో పెద్దగా ఎవరూ చెప్పని సుగుణం ఇంకొకటుంది. ఈ అప్పుని ఇల్లు కొనేవారికి బదిలీ చేయవచ్చు. 2021లో 3 శాతం వడ్డీకి తీసుకున్నవారు ఈ రోజు ఇల్లు అమ్ముతుంటే, కొనేవారు అర్హులైతే ఆ 3 శాతం అప్పునే కొనసాగించవచ్చు. మిగతా ధరకి డబ్బు సర్దుకోవాలి, కాగితాలకి టైమూ పడుతుంది. బదిలీ తర్వాత మీ బాధ్యత తీరినట్టు లెండరు దగ్గర రాతమూలకంగా తీసుకోవడం మర్చిపోవద్దు. ముందుగా అప్పు తీర్చేసినా జరిమానా లేదు.

ఇక పిల్లలకో లెక్క. మీ ఇంటికి 3 లక్షల డాలర్ల ధర అనుకోండి. 3.5 శాతం డౌన్ పేమెంటు కట్టారు. మిగిలినదాని మీద 1.75 శాతం ప్రీమియం వేసి అప్పులో కలిపారు. మొత్తం అప్పు ఎంత? కాలిక్యులేటరు ముట్టుకోకుండా చేయాలి. జవాబు 294,566 డాలర్ల 25 సెంట్లు రావాలి. రాకపోతే అమ్మానాన్నల్ని అడగండి. వాళ్ళకీ రాకపోతే సంతకాలు పెట్టేముందు ఈ పేజీ మళ్ళీ ఒకసారి చదవమనండి.

వచ్చే సంచికలో ఎస్క్రో ఖాతా, ఇంటి పన్ను పెరిగినప్పుడు నెలసరి వాయిదా ఎందుకు పెరుగుతుందన్న సంగతి.